కోబ్రా విలన్‌కి రంగు వేయించాలంటే: పాత బొమ్మా, కొత్త బొమ్మా? మన చెయ్యా, ఆర్టిస్ట్ చెయ్యా?

అటక మీద పాత జి.ఐ. జో (అమెరికా మిలట్రీ బొమ్మల వరస) బొమ్మ దొరికింది, దాన్ని నల్ల యూనిఫాంలో విలన్ల నాయకుడు కోబ్రా కమాండర్‌లా మార్చాలి, ఎంతవుతుంది అని అడిగేవాళ్ళు ఏడాదికి నలుగురైదుగురు తగులుతారు నాకు. డబ్బు సంగతి తర్వాత, ముందు దాని వీపు మీద స్క్రూ విప్పి లోపల ప్లాస్టిక్ ఏ రంగో చూడండి అంటాను. చాలామంది మొహం అదోలా పెడతారు. రంగు బయట కదా వేసేది, లోపల ఏ రంగైతే ఏంటి అని.

అక్కడే ఉంది మొత్తం వ్యవహారం. మిలట్రీ బొమ్మకి ఎంత గొప్ప ఆర్టిస్ట్ రంగు వేసినా, భుజం దగ్గర, మోకాలి దగ్గర, తొడ మొదట్లో ప్లాస్టిక్‌కి ప్లాస్టిక్ రాసుకుంటూనే ఉంటుంది. నాలుగుసార్లు చెయ్యి ఎత్తి దించితే అక్కడ రంగు లేచిపోయి కిందిది బయటపడుతుంది. కింద ఆకుపచ్చ ఉంటే నల్ల యూనిఫాం మీద ఆకుపచ్చ గాటు పడుతుంది. కింద కూడా నలుపే ఉంటే లేచినా కనపడదు. అందుకని నా లెక్కలో మంచి కస్టమ్ (మనకి కావాల్సినట్టు మార్చుకున్న బొమ్మ) అంటే తక్కువ రంగు పడ్డ కస్టమ్. మనకి కావాల్సిన యూనిఫాం రంగులోనే పోసిన బొమ్మని వెతుక్కుని, మొహానికి, బెల్టుకి, బూట్లకి, గుర్తుకి మాత్రం రంగు వేస్తే అది పదేళ్ళు నిలుస్తుంది. కింద చెప్పే పోలికలన్నీ ఈ కొలతతోనే చూస్తాను.

నాది విజయనగరం, కంటోన్మెంట్ వైపు ఇల్లు. ఉద్యోగం శ్రీకాకుళంలో. కొన్నవీ, రంగు వేయించినవీ, నేనే పాడుచేసినవీ కలిపి ఇంట్లో అరవై దాకా ఉన్నాయి. అన్నీ విలన్లే. హీరోలందరూ ఆకుపచ్చ, ఖాకీ బట్టల్లో ఒకేలా ఉంటారు. విలన్లకి మాత్రం దర్జీ ఎవడో గానీ పనిమంతుడు.

కొత్తవాళ్ళకి రెండు ముక్కల చరిత్ర. హాస్‌బ్రో కంపెనీ 1964లో జి.ఐ. జోని పన్నెండు అంగుళాల బొమ్మగా తెచ్చింది. 1982లో 3.75 అంగుళాలకి కుదించి, ఎదురు పక్షంగా కోబ్రా అనే ముఠాని పెట్టింది. అప్పుడు మొదలైన ఆ వరస 1994 దాకా నడిచింది. మన దేశంలో ఫన్‌స్కూల్ కంపెనీని 1987లో ఎం.ఆర్.ఎఫ్., హాస్‌బ్రో కలిసి పెట్టాయి. మన చిన్నప్పుడు షాపుల్లో కార్డు మీద వేలాడిన బొమ్మలు దాదాపు అన్నీ వాళ్ళవే. ఆ తర్వాత 2007లో ఇరవై ఐదేళ్ళ పండగ పేరుతో కొత్త కీళ్ళతో ఒక వరస, 2020లో ఆరంగుళాల క్లాసిఫైడ్ వరస వచ్చాయి. ఎంచుకోవాల్సింది ఈ మూడింట్లోనే.

మూడు రకాల ఒళ్ళు

పాత 3.75 అంగుళాల బొమ్మ అంటే సుమారు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. రంగు వేసేవాడికి దీన్ని మించిన బొమ్మ లేదు. ఎందుకంటే ఇది పూర్తిగా విడిపోతుంది. వీపు మీద బ్యాగు తగిలించే కన్నంలో ఒకే ఒక స్క్రూ ఉంటుంది. అది తీస్తే ఛాతీ, వీపు రెండు పెంకుల్లా విడిపోతాయి. తల, చేతులు వాటంతటవే ఊడొస్తాయి. లోపల ఒక నల్ల రబ్బరు రింగు, దానికి తగిలించిన చిన్న ఇనప కొక్కెం కనపడతాయి. కాళ్ళని, నడుముని, మొండేన్ని పట్టి ఉంచేది ఆ రింగే. ముప్పై ఏళ్ళ బొమ్మలో అది పిండిలా రాలిపోతుంది, లేకపోతే సాగిపోయి బొమ్మ తాగినవాడిలా ఊగుతుంది. కంగారు పడక్కర్లేదు. పాత రింగు ముక్క పట్టుకుని బేరింగులు, ఆయిల్ సీళ్ళు అమ్మే షాపుకి వెళ్తే అదే సైజువి ఇస్తారు. నేను మొదటిసారి డజను అడిగితే ఏ మోటారుకండీ అన్నాడు షాపతను. పాముల ముఠాకి అని చెప్పలేక పంపుకి అన్నాను.

విడిపోవడం వల్ల లాభం ఏమిటంటే, చేతిని విడిగా, కాలుని విడిగా రంగు వేసి, ఆరాక కీలు దగ్గర రంగుని సన్నటి ఎమ్రీ కాగితంతో కాస్త గీకి మళ్ళీ బిగించొచ్చు. రాసుకునేచోట ఖాళీ దొరుకుతుంది.

బలహీనతలూ చెప్పాలి. బొటనవేళ్ళు ముందు విరుగుతాయి, తుపాకీ బలవంతంగా దూర్చడం వల్ల. తర్వాత తొడల మధ్య ముక్క. తర్వాత మోచెయ్యి దగ్గర పగులు. కొనేటప్పుడు ఫొటోలో ఈ మూడూ దగ్గరగా చూపించమనండి. రంగు వేయడానికే కొంటుంటే మాత్రం బొటనవేలు లేని బొమ్మ దొరకడం అదృష్టం అనుకోండి. సగం ధరకి వస్తుంది, దాని మీద ప్రయోగం చేసినా పాపం అంటదు.

ఫన్‌స్కూల్ బొమ్మల గురించి ఒక మాట. అవి హాస్‌బ్రో అచ్చులతోనే పోసినవి. రంగులు మాత్రం చాలాసార్లు అమెరికా బొమ్మలతో కలవవు. అదే మనిషి అక్కడ ఒక రంగు చొక్కాలో ఉంటే ఇక్కడ ఇంకో రంగులో దిగేవాడు. చిన్నప్పుడు అది లోపం అనిపించేది. కస్టమ్ చేసేవాడికి అదే పెన్నిధి. వేరే దేశంలో దొరకని రంగు ప్లాస్టిక్‌తో, మనకి తెలిసిన అచ్చుతో, మన ఊళ్ళోనే ఎవరింటి అటక మీదో ఉండే బొమ్మ ఇంకేం కావాలి? అయితే అదే కారణంగా బయటి దేశాల వాళ్ళు కూడా వాటిని వెతుక్కుంటారు. కాబట్టి కార్డు చిరగని, సీలు తీయని ఫన్‌స్కూల్ విలన్ దొరికితే దాని జోలికి బ్రష్షు తీసుకెళ్ళొద్దు. అలాగే దాచండి, లేదా అమ్మి ఆ డబ్బుతో విరిగిన బొమ్మలు అరడజను కొనండి.

2007 వరస గురించి ఎక్కువ చెప్పేది లేదు. సైజు అదే, రబ్బరు రింగు లేదు, కీళ్ళు ఎక్కువ, మొహాలు బాగుంటాయి. తల బంతి కీలు మీద ఉంటుంది కాబట్టి ఒకదాని తల ఇంకోదానికి పెట్టడం తేలిక. కానీ ఒళ్ళు పాత బొమ్మంత సులువుగా విడదీయలేం, కీళ్ళు ఎక్కువైనకొద్దీ రాసుకునేచోట్లూ ఎక్కువే. తల మార్చి ఊరుకునేవాళ్ళకి ఇది మంచిది. ఒళ్ళంతా రంగు మార్చాలనుకుంటే వద్దు.

ఆరంగుళాల క్లాసిఫైడ్ బొమ్మ చేతిలో పట్టుకుంటే దాని దర్జా వేరు. పదిహేను సెంటీమీటర్లు. కనుగుడ్డు బ్రష్షు మొనకి అందేంత పెద్దది. మీకు చత్వారం వచ్చి ఉంటే వాదన అక్కర్లేదు, ఇదే తీసుకోండి. నేను నలభై ఆరు దాటాక పాత బొమ్మ మొహానికి కళ్ళు దిద్దడం మానేశాను. దీని చిక్కులు రెండు. ఒకటి, మొహం, కోటు, కేప్ లాంటివి మెత్తటి వినైల్‌తో చేస్తారు. ఆ మెత్తదనం కోసం కలిపిన నూనె లాంటి పదార్థం కొన్ని స్ప్రేలతో, ఎనామెల్ రంగులతో కలిసి నెలలు గడిచినా జిగురు జిగురుగా ఉండిపోతుంది. ఏసీ లేని గదిలో ఏప్రిల్ నెలలో డెస్ట్రో అనే విలన్ కోటు పట్టుకుంటే వేలిముద్ర పడిందంటే కారణం ఇదే. నీళ్ళలో కలిపే యాక్రిలిక్ వాడితే ఈ బాధ దాదాపు ఉండదు.

రెండో చిక్కు ధర. అమెరికాలో ఇది మొదట 20 డాలర్ల దగ్గర అమ్ముడైంది. మనకి వచ్చేసరికి ఆ లెక్క చెల్లదు. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. 2021 జనవరి నుంచి బొమ్మలకి బి.ఐ.ఎస్. (నాణ్యతా ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి చేశారు. విదేశంలో ఉన్న బావమరిది గిఫ్ట్ అని పార్సిల్ చేస్తే సుంకం ఉండదు కదా అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఐదు వేల లోపు గిఫ్టులకి ఉన్న ఆ వెసులుబాటు 2019 డిసెంబరులోనే తీసేశారు. బావమరిది వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెస్తే అది వేరే సంగతి.

కాబట్టి నా మాట ఇది. మొదటి కస్టమ్ అయితే, కళ్ళు బాగుంటే, విరిగిన పాత 3.75 బొమ్మ. కళ్ళు సహకరించకపోతే, ఒక్కటే చేయించి అద్దాల బీరువాలో పెట్టుకోవాలనుకుంటే ఆరంగుళాలది. మధ్యది నేను కొనను.

ఏ విలన్ ఎవరికి

బొమ్మ ఎంత ముఖ్యమో విలన్ కూడా అంతే. కొన్ని మొహాలు రంగుకి లొంగుతాయి, కొన్ని లొంగవు.

మొదటిసారి బ్రష్షు పట్టేవాళ్ళు సైనికుల దగ్గర మొదలుపెట్టాలి. 1982 నాటి కోబ్రా సైనికుడికి మూతి మీద గుడ్డ, తల మీద హెల్మెట్ ఉంటాయి. 1986లో వచ్చిన వైపర్ అనే సైనికుడికి అసలు మొహమే కనపడదు. మొహం లేదంటే సగం పని లేనట్టే. ఒకే అచ్చు బొమ్మలు ఐదారు కొని, ఒక దళంలా చేస్తే రెండోదానికే చెయ్యి కుదురుతుంది. మొదటిది వెనక వరసలో నిలబెట్టండి.

కోబ్రా కమాండర్ రెండు రూపాల్లో ఉంటాడు. 1982 వాడికి మొహం నిండా వెండి రంగు తొడుగు, 1984లో పోస్టు ద్వారా ఇచ్చినవాడికి ముసుగు. ముసుగువాడు తేలిక, కళ్ళు రెండూ దిద్దితే చాలు. కానీ ఆ గుడ్డ మడతల్లో నీడ పడాలి, లేకపోతే తలగడ గలీబు తొడుక్కున్నట్టు ఉంటాడు. తొడుగువాడికి మంచి వెండి మెరుపు దొరకాలి.

మెరుపు అంటే డెస్ట్రో. 1983 బొమ్మ తల నికార్సైన వెండి గిన్నెలా మెరుస్తుంది, పైన లోహపు పూత పట్టించారు కాబట్టి. ఆ పూత పోయిన తలకి మళ్ళీ అదే మెరుపు తేవడం ఈ సరదాలోకెల్లా కష్టమైన పని. సాదా వెండి రంగు వేస్తే వంటింట్లో అల్యూమినియం తపేలా అవుతుంది. కుదిరే పద్ధతి ఒకటుంది. తలని నున్నగా గీకి, నిగనిగలాడే నల్లరంగు వేసి, రెండు మూడు రోజులు గట్టిగా ఆరనిచ్చి, పైన మోలోటో లాంటి కంపెనీలు అమ్మే క్రోమ్ ఇంకు పల్చగా వేయాలి. దాని మీద వార్నిష్ వేయకూడదు, వేస్తే మెరుపు చస్తుంది. వార్నిష్ లేకపోతే వేలు తగిలినప్పుడల్లా మసకబారుతుంది. ఇటు చూస్తే నుయ్యి, అటు చూస్తే గొయ్యి. నా డెస్ట్రో తలని ఒకసారి శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి సామాన్లు అమ్మే ఒకాయనకి చూపించాను. చేతితో తోమి తెచ్చిన మెరుపుకి, పూసిన మెరుపుకి తేడా ఉంటుంది బాబూ, పూసినదాన్ని ముట్టుకోకుండా చూసుకోవాలంతే అన్నాడు. అంతకంటే మంచి సలహా నాకు ఎవరూ ఇవ్వలేదు. మెరుపు పోని అసలు తల దొరికితే ఎంత ఖరీదైనా కొనండి, ఒంటికి మాత్రం రంగు వేయండి.

స్టార్మ్ షాడో తెల్లబట్టల నింజా. 1984 నాటి తెల్ల ప్లాస్టిక్ వెలుతురుకి పసుపెక్కుతుంది. అరసవల్లి సూర్యనారాయణమూర్తి ఉన్న జిల్లాలో కిటికీ పక్కన పెడితే రెండేళ్ళకి దంతం రంగుకి వచ్చేస్తాడు. పసుపెక్కిన బొమ్మ చవగ్గా వస్తుంది కదా, తెల్లరంగు వేసేస్తే పోతుంది అనుకుంటారు. తెలుపు అన్నిటికంటే మొండిది. పల్చగా వేస్తే మచ్చలు, మందంగా వేస్తే కండలు, మడతలు పూడిపోతాయి. పైగా కీళ్ళ దగ్గర పసుపు మళ్ళీ బయటపడుతుంది. అలాంటి బొమ్మని బూడిదరంగులోకో, నీలంలోకో మార్చండి, వాడికీ హాయి, మీకూ హాయి.

జార్టాన్‌ది విచిత్రం. 1984లో వచ్చిన ఆ బొమ్మ చర్మం ఎండ తగిలితే నీలంగా మారుతుంది, నీడలోకి తెస్తే మామూలైపోతుంది. దాని మీద రంగు వేశారంటే ఆ గమ్మత్తు శాశ్వతంగా పోయినట్టే. నా దృష్టిలో అది నేరం. అలాగే 1986 నాటి మరమనిషి సైనికుడి ఛాతీ మీద అటూ ఇటూ తిప్పితే లోపలి యంత్రాలు కదిలినట్టు కనపడే స్టిక్కర్ ఉంటుంది. ఆ స్టిక్కర్ బాగున్న బొమ్మనీ వదిలెయ్యండి.

ఎర్ర యూనిఫాం క్రిమ్సన్ గార్డ్ కావాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఎరుపు, పసుపు కిందిదాన్ని సరిగ్గా కప్పవు. నీలం బొమ్మ మీద ఎరుపు వేస్తే ఐదు పూతలకి కూడా ఊదాగానే ఉంటుంది. ముందు గులాబీ రంగో, ఇటుకరంగో వేసి దానిపైన ఎరుపు వేయాలి. నలుపుకి దీనికి రివర్స్ సమస్య. అచ్చ నలుపు వేస్తే చిన్న బొమ్మ మీద జేబులు, గుండీలు ఏమీ కనపడవు. ముదురు బూడిదరంగు వేసి, గీతల్లో మాత్రం నలుపు పారించండి. దూరం నుంచి అది నలుపులాగే కనిపిస్తుంది.

ఎవరి చేత వేయించాలి

ఇక్కడ మూడు దారులున్నాయి. మనమే వేసుకోవడం, ఊళ్ళో చెయ్యి తిరిగినవాళ్ళ చేత వేయించడం, కస్టమ్ బొమ్మలు చేసే ఆర్టిస్ట్‌కి పార్సిల్ చేయడం.

పార్సిల్ దారి ఖరీదైనది, ఎక్కువమంది ఎంచుకునేదీ అదే. కిందటేడాది ఒక 3.75 బొమ్మకి రంగు వేయించినందుకు నేను 1,800 ఇచ్చాను, బొమ్మ నాదే. డబ్బు గురించి బాధ లేదు. అంతకుముందు ఇంకొకరికి పంపిన బొమ్మ ఫొటోల్లో అద్భుతంగా ఉంది, చేతికి వచ్చాక రెండు చేతులూ కదల్లేదు. బలవంతంగా తిప్పితే భుజం దగ్గర రంగు పెచ్చులా లేచింది. రంగు వేసేముందు విప్పలేదు, బిగించి ఉండగానే వేసేశారు. అప్పట్నుంచి ఎవరికి ఇచ్చినా ముందు మూడు అడుగుతాను. బొమ్మ విప్పి వేస్తారా, పని మధ్యలో పగటి వెలుగులో ఫొటో పెడతారా, అయిపోయాక చేతులు, కాళ్ళు తిప్పి చిన్న వీడియో తీస్తారా. ఈ మూడోది వద్దు అనేవాళ్ళకి బొమ్మ పంపొద్దు. దారిలో విరిగితే ఎవరి ఖాతా అన్నది కూడా ముందే తేల్చుకోండి, తర్వాత అడిగితే మొహమాటం.

ఊళ్ళో చెయ్యి తిరిగినవాళ్ళు అంటే ఆశ్చర్యపోవచ్చు. ఫ్లెక్సీలు వచ్చి మన సైన్‌బోర్డు ఆర్టిస్టుల కడుపు కొట్టాయి గానీ వాళ్ళ చెయ్యి పోలేదు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో ఒకాయన ఇప్పటికీ బళ్ళ నంబరు ప్లేట్ల మీద అక్షరాలు రాస్తాడు. కోబ్రా గుర్తు కాగితం మీద చూపించి, ఆరంగుళాల బొమ్మ ఛాతీ మీద వేస్తారా గురువుగారూ అని అడిగాను. బొమ్మని రెండుసార్లు తిప్పి చూసి, కొబ్బరి చిప్పలో కాస్త ఎరుపు కలిపి, చిటికెన వేలు బొమ్మ మీద ఆనించి, ఊపిరి బిగబట్టి నాలుగు గీతల్లో పడగ లేపాడు. పైన నాలుక ఒక్క చుక్క. రెండు నిమిషాలు పట్టలేదు. డబ్బు తీసుకోలేదు, టీ తాగాడు. స్టిక్కర్‌లా నీళ్ళలో తడిపి అంటించే గుర్తులు దొరుకుతాయి, వాటికి కింద నున్నటి నిగనిగ పూత ఉండాలి, లేకపోతే అంచుల్లో గాలి చేరి తెల్లగా కనపడతాయి. ఆయన చేతిగీతకి అవేమీ అక్కర్లేదు. కానీ ఆయన వాడేది ఎనామెల్. గట్టి ప్లాస్టిక్ మీద సరే, మెత్తటి కోటు మీద వద్దు. నేను ఇప్పుడు యాక్రిలిక్ డబ్బా నాతో పట్టుకెళ్తాను.

వినాయక విగ్రహాలకి రంగులు వేసేవాళ్ళూ ఉన్నారు. కంప్రెసర్, స్ప్రే గన్ వాళ్ళ దగ్గరే ఉంటాయి, కళ్ళు దిద్దడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. మొహం మీద అన్నీ అయ్యాక చివర్న కళ్ళు దిద్దే పద్ధతి నేను వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. చవితికి ముందు రెండు నెలలు మాత్రం వాళ్ళ గుమ్మం తొక్కొద్దు. పది అడుగుల గణపతి ఎదురుచూస్తుంటే మన పాముగాడిని ఎవరు పట్టించుకుంటారు?

మనమే వేసుకోవడం అన్నిటికంటే చవక అని మొదలుపెడతాం. అలా ఏం ఉండదు. స్టేషనరీ షాపులో దొరికే క్యామ్లిన్, ఫెవిక్రిల్ యాక్రిలిక్ రంగులతో మొదలెట్టొచ్చు. నీళ్ళు కలిపి, రెండు మూడు పల్చటి పూతలు వేస్తే సైనికుడి బూట్లు, బెల్టులకి చాలు. మొహాలకి వచ్చేసరికి బొమ్మల కోసమే చేసే వలెహో, సిటాడెల్, టామియా లాంటి రంగులు కావాలనిపిస్తుంది, అక్కడ జేబుకి చిల్లు మొదలవుతుంది. ఎయిర్‌బ్రష్ కొనాలా అంటే పది బొమ్మలు పూర్తయ్యేదాకా కొనొద్దంటాను. అది కడగడానికే ఒక మనిషి కావాలి.

తప్పు చేస్తే తీసెయ్యొచ్చు. యాక్రిలిక్ రంగు పోగొట్టడానికి చాలామంది బొమ్మని డెట్టాల్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతారు. తీశాక వెంటనే నీళ్ళలో ముంచకండి, బంకలా పట్టేస్తుంది. ముందు ఇంకాస్త డెట్టాల్‌తోనే కడిగి, తర్వాత సబ్బునీళ్ళు. మొదట ఒక విరిగిన చేతి మీద ప్రయత్నించి చూడండి. గోళ్ళరంగు తీసే అసిటోన్ జోలికి మాత్రం వెళ్ళొద్దు, అది ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది.

ఎవరి చేత వేయించాలో ఇంకా తేలకపోతే ఇలా చూడండి. దళం కావాలంటే మీరే. ఛాతీ మీద గుర్తు, కళ్ళు ఊళ్ళో ఆర్టిస్ట్. ఒళ్ళంతా మారాలి, ఒకే ఒక్క గొప్ప బొమ్మ కావాలి అంటే పార్సిల్.

మన వాతావరణంతో పేచీ

పుస్తకాల్లో రాసినట్టు ఇక్కడ స్ప్రే చేస్తే కుదరదు. మనది సముద్రం పక్క గాలి. జూన్ నుంచి నవంబరు దాకా తేమ వదలదు. తేమలో మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొడితే ఆరేటప్పుడు గాల్లో నీరు పట్టుకుని తెల్లటి మసక కమ్ముతుంది. సిరిమాను పండగ ముందురోజు, సోమవారం సాయంత్రం, మబ్బు పట్టి ఉంది, చుట్టాలు వచ్చేలోపు అయిపోతుందని మేడ మీద ఫైర్‌ఫ్లై అనే విలన్‌కి వార్నిష్ కొట్టాను. పది నిమిషాల్లో బూడిదరంగు యూనిఫాం మీద మంచు కురిసినట్టయింది. మర్నాడు ఊరంతా పైడితల్లమ్మ సంబరంలో ఉంటే నేను ఆ బొమ్మ పట్టుకుని కూర్చున్నాను. ఎండ కాసిన రోజు చూసి నిగనిగ వార్నిష్ ఒక పూత వేస్తే చాలావరకు పోయింది, పూర్తిగా కాదు.

జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో మంచు విడిచాక, పది గంటల ప్రాంతం మంచిది. మేలో మధ్యాహ్నం కొడితే ఇంకో రకం బాధ, రంగు బొమ్మని చేరేలోపే ఆరిపోయి ఇసుకలా పడుతుంది. వానాకాలంలో చేతి బ్రష్షుతో వేసే వార్నిష్ వాడండి, నిదానమే గానీ మోసం చేయదు. స్ప్రే చేసినా, పాత రంగు గీకినా మూతికి మాస్కు పెట్టుకోండి, చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పాత రంగుల్లో ఏముందో ఎవరికి తెలుసు?

మురికి గురించి మా చిన్నాన్న

మా చిన్నాన్న మిలట్రీలో ఇరవై రెండేళ్ళు చేసి వచ్చాడు. మా వైపు ఊరికి పదిమంది అలాంటివాళ్ళుంటారు. నా మొదటి కోబ్రా దళాన్ని గర్వంగా చూపించాను. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని కళ్ళద్దాలు పైకి నెట్టి, "ఏటిరా ఇది, ఇప్పుడే ఇస్త్రీ బండి దిగినట్టున్నాడు" అన్నాడు. యుద్ధం చేసి వచ్చాడు చిన్నాన్నా అని, మర్నాడు ఒళ్ళంతా గోధుమరంగు పులిమి తెచ్చాను. "ఇదేటి, బురదలో పొర్లాడా? మట్టి ఛాతీకి అంటదురా. మోకాళ్ళకి అంటుద్ది, మోచేతి కిందంటుద్ది, బూటు కుట్టు దగ్గర ఉండిపోద్ది. బెల్టుకి అసలు ఉండదు. బెల్టు మెరవకపోతే హవల్దారు ఊరుకుంటాడా?"

అప్పట్నుంచి అదే నా పద్ధతి. పొడిగా ఉన్న పాత టూత్‌బ్రష్ మీద గోధుమరంగు కాస్త అద్ది, కాగితం మీద తుడిచేసి, మిగిలినదాన్ని మోకాలి మీద, మోచేతి కింద, బూటు అంచుల్లో రుద్దుతాను. సైనికులకి మాత్రమే. కమాండర్‌కి, డెస్ట్రోకి, బారొనెస్‌కి ఒక్క చుక్క మట్టి అంటనివ్వను. వాళ్ళు బురదలోకి దిగే మనుషులు కాదు, ఇంకొకరిని దింపేవాళ్ళు.

కొనేటప్పుడు జాగ్రత్త

రంగు వేసిన మామూలు బొమ్మని అరుదైన ఫన్‌స్కూల్ రంగు అని అమ్మేవాళ్ళున్నారు. ఫన్‌స్కూల్ రంగులు నిజంగానే వింతగా ఉంటాయి కాబట్టి నమ్మేస్తాం. నేనూ నమ్మాను, ఊదారంగు సైనికుడికి మూడు వేలు పోశాను. ఇంటికొచ్చి స్క్రూ విప్పితే లోపల ఆకుపచ్చ. అందుకే మొదట్లో చెప్పిన మాట మళ్ళీ చెబుతున్నాను: అమ్మేవాణ్ణి స్క్రూ విప్పి లోపలి వైపు ఫొటో పెట్టమనండి. లోపలి రంగు, బయటి రంగు ఒకటే ఉండాలి. స్క్రూ తల గాట్లో రంగు ఉందంటే బొమ్మ బిగించి ఉండగా ఎవరో వేశారన్నమాట. చేతిని పూర్తిగా పైకెత్తి చంకలో చూడండి. ఫ్యాక్టరీలో ప్లాస్టిక్‌లోనే కలిపిన రంగు అక్కడా అలాగే ఉంటుంది, పైన పూసిందైతే అక్కడ గీతలు పడి ఉంటుంది.

మనం వేసిన బొమ్మని రేపు ఎవరికైనా ఇస్తే అలాంటి గొడవ రాకూడదు. నేను వేసిన ప్రతి బొమ్మకి ఎడమ పాదం కింద సన్నటి పెన్నుతో ఏడాది, చిన్న సున్నా రాస్తాను, పైన వార్నిష్ చుక్క.

ఇక తీసుకెళ్ళడం. గాలి బుడగల ప్లాస్టిక్‌లో కొత్త రంగు బొమ్మని చుడితే ఆ బుడగల గుర్తులు రంగు మీద దిగిపోతాయి. ముందు మెత్తటి పాత నూలు గుడ్డ ముక్క చుట్టి, దానిపైన ఏదైనా చుట్టండి. తల, చేతులు ఊడేవైతే విడిగా చుట్టండి. విజయనగరం నుంచి శ్రీకాకుళం బస్సులో నేను స్టీలు టిఫిన్ బాక్సులో తీసుకెళ్తాను, రెండు గిన్నెలది. పై గిన్నెలో ఒళ్ళు, కింద గిన్నెలో తలలు. ఒకసారి ఆఫీసులో భోజనాల వేళ పక్క సీటాయన తన బాక్సు అనుకుని కింద గిన్నె మూత తీశాడు. అప్పట్నుంచి మూత మీద టేపు వేస్తున్నాను.